నడుము కింద చేప

చేపకన్య బొమ్మ చేసిపెట్టమని మా చిన్నాయిన మా ఇంటికి వచ్చిన రోజే కాదనాల్సింది. అనలేదు. ఒప్పుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం ఉంది. ఒప్పుకోకపోతే ఇంకెవరో చేసేవాళ్లు, అప్పుడు ఇంతకు రెండింతలు కోపం వచ్చేది. నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు అవ్వ నన్ను మిరపకాయ అని పిలిచేది. ఆ పేరు మా వాడలో ఇంకా పోలేదు.

నేను వనపర్తిలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. మా సొంతూరు కొల్లాపూర్ దాటి పోతే కృష్ణ ఒడ్డున ఉంటుంది. మాది చేపలు పట్టే ఇల్లు. నాయిన పుట్టి వేసుకుని నదిలోకి పోయేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, తెడ్డు ఆపితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఆయన తెచ్చిన చేపల్ని అమ్మ గంపకెత్తుకుని టౌనుకు పోయి అమ్మేది. నాయిన పోయి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మ ఇంకా అమ్ముతూనే ఉంది. ఆ టౌను పేరు మాత్రం రాయను. రాస్తే మా చిన్నాయినతో మళ్లీ మొదటి నుంచి కొట్లాట, నా గొంతులో ఇప్పుడు అంత ఓపిక లేదు.

చిన్నాయిన నాయినకు సొంత తమ్ముడు, మా చేపల సంఘానికి పెద్ద. సంఘంలో సభ్యత్వం తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. నాయిన పోయాక మా తమ్ముడికి వచ్చింది. మా తమ్ముడు నాగర్‌కర్నూల్‌లో ఆటో నడుపుతాడు. చేప ముట్టుకుంటే చేతులు వాసనొస్తాయని చిన్నప్పటి నుంచీ వాడి గోల. వాడు సంఘంలో సభ్యుడు. ముప్పై ఏళ్లకు పైగా రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని చేపలు కోసి, వాడికీ నాకూ చదువు చెప్పించిన అమ్మ సభ్యురాలు కాదు. ఆడవాళ్లకు ఇవ్వకూడదని ఎక్కడైనా రాసి ఉందా అని ఒకసారి అడిగాను. "రాసేది ఏమున్నది బిడ్డా, ఎన్నడు ఇయ్యలే" అన్నాడు చిన్నాయిన.

ఆయన మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వనపర్తి వచ్చినప్పుడు నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. టౌనులో కొత్త చేపల మార్కెట్ కడుతున్నారు, పై కప్పుతో, నల్లా నీళ్లతో, వరసగా నల్లరాతి బండలతో. ఒక్కో బండ ఒక్కొక్కరు కూర్చుని అమ్ముకునే చోటు. గేటు దగ్గర ఒక దిమ్మె కట్టారు. దాని మీద చేపకన్య కూర్చోవాలట. ఫోన్ తీసి ఏదో పార్కులోని బొమ్మ చూపించాడు. తెల్లగా సున్నం కొట్టినట్టున్న ఒళ్లు, ఎర్ర పెదాలు, రొమ్ముల మీద రెండు గవ్వలు, ఆకుపచ్చ తోక.

"గిట్లాంటిది కావాలె బిడ్డా. మంచిగ తెల్లగ. నువ్వు మనింటి పిల్లవు, పట్నంల చదివినవు, బయటోళ్లకెందుకు ఇయ్యాలె అన్న నేను" అన్నాడు.

"లోపల బండలు ఎవరికి చిన్నాయినా?"

"ఇంకెవరికి, సభ్యులకు."

"అమ్మకు?"

"మీ తమ్ముని పేరు మీద ఒకటి రాసినం గద."

"వాడు ఆటో తోలుతుండు."

"వాడు కూసోకుంటె ఇంకొకరికి ఇస్తడు. బయటి నుంచి ఐస్ చేపలు తెచ్చి అమ్మే సేటు అడుగుతనే ఉన్నడు."

"మరి అమ్మ యాడ కూసోవాలె?"

చిన్నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మార్కెట్ షురువైనంక రోడ్డు మీద ఎవర్నీ కూసోనియ్యరు. వదినకు గూడ వయసైంది. ఇంటికాడ కూసోమను, ఎన్నాళ్లు చేస్తది?" అన్నాడు. ఆ మాట చెడ్డ మనసుతో అన్నది కాదు. ఆమెకేదో సుఖం చేస్తున్నట్టే అన్నాడు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. గేటు బయట ఆడబొమ్మ కావాలి, గేటు లోపల ఆడమనిషి అక్కర్లేదు. ఆ బొమ్మ నేనే చెయ్యాలి. అమ్మతో పాటు రోడ్డు మీద కూర్చునే మిగతా ఎనిమిది మంది గురించి ఆయన అసలు మాటే ఎత్తలేదు.

చేస్తానన్నాను. ఏం చేస్తానో చెప్పలేదు.

చేపకన్యతో నాకు పాత పగ ఉంది. హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకునే రోజుల్లో మా సారు ఒకాయన మాతో చేపకన్యను గీయించాడు. నేను గీసినదాని ముఖం చూసి, ఇంత గట్టి మొహమేంటమ్మా, కొంచెం సిగ్గు పెట్టు అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లకు ఒక పెద్ద గ్యాలరీలో ఒక ఆర్టిస్టు, ఆడమనిషే, చేపకన్య మీద ఇన్‌స్టలేషన్ పెడితే చూడ్డానికి పోయాను. ఇన్‌స్టలేషన్ అంటే గోడకు తగిలించే బొమ్మ కాదు. గదినే బొమ్మగా చేస్తారు, మనం అందులోకి నడిచి పోవాలి. గది నిండా నీలం వెలుగు, పైనుంచి వేలాడే గాజుల తోక, ఎక్కడో అలల చప్పుడు. తలుపు దగ్గర కార్డు మీద స్త్రీ దేహం, మౌనం, ప్రతిఘటన అని ఏవేవో పెద్ద మాటలు. నాకు నచ్చింది. అబద్ధమెందుకు, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక తట్టింది, ఆ గదిలో చేప వాసన లేదు. అంత పెద్ద తోక ఉంది, నీసు లేదు. అక్కడ చప్పట్లు కొట్టిన ఒక్కరికీ చేప పొలుసు వేలికి గుచ్చుకుంటే ఎట్లా ఉంటుందో తెలియదు. వాళ్ల మీద కోపం వచ్చింది. ఆపైన నా మీద వచ్చింది. ఎందుకంటే ఆ రోజుల్లో ఊరి నుంచి హాస్టల్‌కు తిరిగొచ్చిన ప్రతిసారీ నేను నిమ్మచెక్కతో చేతులు మంట పుట్టేదాకా రుద్దుకునేదాన్ని. నా పక్క మంచం అమ్మాయి ముక్కు మూసుకుంటుందని బట్టల సంచి వరండాలో పెట్టేదాన్ని. ఆ సంచిలో అమ్మ కట్టిచ్చిన ఎండుచేపలుండేవి. వాటిని ఎన్నిసార్లు పారేశానో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

మా ఊళ్లో చేపకన్య అనే మాట లేదు. "నీళ్లల్ల ఆడిది" అంటారు. అది నదిలో ఉంటుందట, పుట్టి అంచు పట్టుకుంటుందట, దానికి మగవాళ్ల మీద ఆశ, ఆడవాళ్ల మీద కుళ్లు. అందుకే మా వాడలో ఒక కట్టుబాటు ఉంది. ఆడవాళ్లు వల దాటకూడదు. నేల మీద ఆరేసిన వల అడ్డం వస్తే ఎంత దూరమైనా చుట్టు తిరిగి పోవాలి. దాటితే నీళ్లల్ల ఆడిదానికి కోపమొచ్చి ఆ వల గల మనిషిని లోపలికి లాక్కుంటుంది. నాయిన పుట్టి వరదకు తిరగబడి ఆయన దొరకని ఆ నాలుగు రోజులు, వాడలో ఒక గుసగుస నడిచింది. ఆమె వల దాటి ఉంటుంది అని. అమ్మ ముఖం మీద ఎవరూ అనలేదు. ఆమె నల్లా దగ్గరికి పోతే పక్కకు జరిగారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఎవరెవరు జరిగారో ఒక్కొక్కరి ముఖం నాకు గుర్తుంది.

బొమ్మ కోసం ఆదివారాలు టౌనుకు పోయి, అమ్మ కూర్చునే చోటికి ఎదురుగా, రోడ్డుకు అవతల నిలబడి చూశాను. ఇన్నేళ్లుగా ఆమె పక్కన కూర్చున్నానే గానీ కొనేవాళ్ల వైపు నిలబడి చూసింది లేదు. అక్కడి నుంచి అమ్మ నడుము దాకానే కనిపిస్తుంది. తల మీద కొంగు, జాకెట్‌కు పిన్నీసు, ఈగల్ని తోలే చెయ్యి. నడుము కింద అంతా చేపలే. బొచ్చె, రవ్వ, పక్కన జిలేబి చేపల కుప్ప, వాటి వెనక కాళ్ల మీద కప్పుకున్న, తడిసి నల్లబడిన గోనెసంచి. సంచి మీదంతా పొలుసులు అంటుకుని ఎండకు మెరుస్తున్నాయి. కాళ్లు లేవు. వరసగా తొమ్మిది మందీ అంతే. నేను రోడ్డు మీద నిలబడి గట్టిగా నవ్వేశాను, పక్కన చెరకు రసం బండి ఆయన పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చేపకన్యలు మా ఊళ్లో లేరని ఎవరన్నారు?

అప్పుడు అనుకున్నాను, ఆ గోనెసంచి కింద ఏముందో అది చూపించాలని. తోక పెట్టాలి, తోక చివర కాళ్లు పెట్టాలి.

అమ్మ కాళ్లకు అచ్చు తీస్తానంటే ముందు ఒప్పుకోలేదు. "నా కాళ్లేంది, సినిమా హీరోయిన్ కాళ్లా?" అంది. ఒక మధ్యాహ్నం బతిమాలి ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టాను. కొబ్బరినూనె రాసి, తెల్ల పిండిలో ముంచిన గుడ్డ పీలికలు ఒక్కొక్కటీ చుట్టాలి. దవాఖానలో విరిగిన కాలికి వేసే కట్టు లాంటిదే. నూనె రాయడానికి చీర మోకాళ్ల దాకా జరిపాను. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నదాన్ని, మా అమ్మ కాళ్లు మొదటిసారి చూశాను. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి లేచి ఉన్నాయి. వేళ్ల మధ్య చర్మం ఎప్పుడూ తడిలో ఉండి ఉండి తెల్లగా పాసిపోయింది. మోకాళ్లు చాపమంటే సగమే చాపింది. ఇంకా చాపమన్నాను.

"గంతే వస్తయి. పదేండ్ల సంది గంతే."

"చెప్పొద్దా అమ్మా?"

"చెప్తే ఏం జేస్తవ్, నీ కాళ్లిస్తవా?"

కుడికాలి బొటనవేలి పక్కన చెప్పు అట్ట లాంటి కాయ ఉంది. కత్తిపీటను ఆ కాలితోనే తొక్కిపెట్టి చేపను కోస్తుంది. ఇన్నేళ్ల కోతంతా ఆ కాయలో ఉంది. అచ్చులో అది ఎంత చక్కగా పడిందంటే, చూపిస్తే అమ్మే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దొడ్లోకి పోయి చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. ఎవరిని తిట్టాలో తెలియక బకెట్‌ను తన్నాను, నా కాలికే దెబ్బ తగిలింది.

మిగతా ఎనిమిది మంది కాళ్లూ అచ్చు తీశాను. అందరూ కూర్చునే చోట దొరికిన పొలుసులు నెలల తరబడి నా కోసం ఒక డబ్బాలో వేసి ఉంచారు. వాటిని సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి, కడిగి, డాబా మీద ఎండబెట్టి, వల కుట్టే దారంతో గోనెపట్ట మీద ఒక్కొక్కటీ కుట్టాను. మా ఇంటి ఓనరమ్మ వాసనకు రెండుసార్లు గొడవ చేసింది. ఈసారి నేను నిమ్మచెక్క వాడలేదు.

బొమ్మ తయారైంది. దిమ్మె మీద సిమెంటుతో చేసిన ఆడమనిషి. నల్లటిది, యాభై అయిదు దాటినది. జాకెట్‌కు పిన్నీసు, రొండిన చిన్న సంచి, ఈగల్ని తోలుతూ లేచిన చెయ్యి. మొహంలో సిగ్గు పెట్టలేదు. నడుము నుంచి పొలుసుల తోక మొదలై దిమ్మె దిగి, గేటు దారికి అడ్డంగా పరుచుకుని, అవతలి గోడ దగ్గర ముగుస్తుంది. తోక అంచు కింద నుంచి తొమ్మిది జతల సిమెంటు కాళ్లు బయటికి వస్తాయి. ఆ తోక మీద, దారి వెడల్పంతా, నాయిన వల పరిచాను. అటక మీద మూటగట్టి ఉన్నదాన్ని అమ్మ లేనప్పుడు తీసుకొచ్చాను. మార్కెట్‌లోకి పోవాలంటే ఎవరైనా ఆ వల దాటాలి. అందరూ దాటితే ఆ కట్టుబాటు అక్కడికక్కడే చచ్చిపోతుందని నా ఆలోచన. చాలా గొప్ప ఆలోచన అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు.

ప్రారంభం రోజు పొద్దున దాకా అంతా టార్పాలిన్ కప్పి ఉంచాను. రిబ్బన్ కత్తిరించడానికి ఒక నాయకుడు వచ్చాడు, డప్పులు, దండలు, ఫోన్లు పట్టుకున్న జనం. టార్పాలిన్ లాగేసరికి డప్పులు కొంచెంసేపు ఆగిపోయాయి.

చిన్నాయిన నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఇదేంది బిడ్డా? నల్లగ చేసినవ్, ముసల్దాన్ని చేసినవ్. గవ్వలేవి?"

"గవ్వలు సముద్రంల దొరుకుతయి చిన్నాయినా. ఇది కృష్ణ."

నాయకుడు అటూ ఇటూ చూసి, ఆర్ట్ అంటే గిట్లనే ఉంటది అని నవ్వి, చెప్పులతోనే వల దాటి లోపలికి పోయాడు. ఆయన వెనక సంఘం వాళ్లందరూ దాటారు. ఒకాయన కాలు అమ్మ సిమెంటు కాలి మీద పడింది, అయినా ఆగలేదు. పది నిమిషాల్లో లోపల మగవాళ్లతో నిండిపోయింది. నేను గోడకు ఆనుకుని అంతా చూస్తూ గర్వంగా నిలబడ్డాను.

అప్పుడు అమ్మ వాళ్లు వచ్చారు. తొమ్మిది మంది, నెత్తి మీద గంపలు. మార్కెట్ తెరిచాక రోడ్డు మీద కూర్చోనివ్వరని తెలుసు, లోపల బండలు లేవనీ తెలుసు. జనం ముందు అడిగి చూద్దామని ముందురోజు వాళ్లే అనుకుని చేపలతో సహా వచ్చారు. గేటు దాకా వచ్చి ఆగిపోయారు. ముందు వాళ్లు ఆగితే వెనక వాళ్లు తగిలి, ఒక గంపలోంచి బొచ్చె జారి కింద పడింది. అందరి చూపూ నేల మీద ఉన్న వల మీదే ఉంది. చుట్టు తిరిగి పోవడానికి దారి లేదు. దారి లేకుండా పరిచింది నేనే.

"రాండ్రి, దాటుండ్రి, ఏం కాదు" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. వాళ్లలో పెద్దామె నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఎవరో ముక్కూమొహం తెలియనిదాన్ని చూసినట్టు చూసింది.

చిన్నాయిన గేటు లోపల నిలబడి నవ్వాడు. "చూసినవా బిడ్డా. మేము ఆపలే. నువ్వే ఆపినవ్."

చెంప మీద కొట్టినట్టయింది. ఆయన చెప్పింది నిజం. గాజుల తోక వేలాడదీసిన ఆర్టిస్టును ఇన్నేళ్లు తిట్టుకున్నాను. ఆమె గదిలోకైనా మా అమ్మ పోవాలనుకుంటే పోగలిగేది. నా బొమ్మ ముందు మా అమ్మ గంపతో నిలబడి ఉంది. లోపల నాయకుడు బండల్ని చేత్తో తట్టి చూస్తున్నాడు. నాకు ఆ సిమెంటు తల పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

అమ్మ గంప దించింది. "ఇది మీ నాయిన వలనా?" అంది.

అవునన్నాను.

"అడిగి తీస్కపోవాలె గదనే."

ఒంగింది. వల కొస పట్టుకుని లాగింది. ఒక చేతి మీద ఒక మడత, దాని మీద మరో మడత, సీసపు గుండ్లు ఒకవైపు వచ్చేటట్టు, మగవాళ్లు నది నుంచి వచ్చాక ఎట్లా సర్దుతారో అచ్చం అట్లాగే సర్దింది. మధ్యలో రెండుసార్లు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. సాయం పోబోతే మోచేత్తో పక్కకు తోసింది. వల మొత్తం సర్దుకుని కుడిభుజం మీద వేసుకుని, గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. వల తీసిన చోట పొలుసుల తోక మాత్రం మిగిలింది. దాని మీద కాలు వేసి, పొలుసులు చిటచిటమంటుంటే, లోపలికి నడిచింది. మొదటి బండ దగ్గర ఆగి, వల కింద పరిచి, దాని మీద కూర్చుని, గంపలోంచి తీసిన కత్తిపీటను కుడికాలితో తొక్కిపెట్టింది. వెనక నుంచి ఎనిమిది మందీ వచ్చి, కింద పడ్డ బొచ్చెను కూడా తీసుకుని, వరసగా కూర్చున్నారు.

"వదినా, అది నీ పేరు మీద లేదు" అన్నాడు చిన్నాయిన.

"నా పేరు మీద ఎన్నడేమున్నది? నువ్వు నాలుగేండ్లోనివి ఉన్నప్పుడు ఈ కాళ్ల మీదనే కూసోబెట్టుకొని తానం పోసిన. నన్ను లేపుతవా? రా, లేపు."

ఫోన్లన్నీ అటు తిరిగాయి. నాయకుడు ఆమె ముందు నిలబడి, ఏం చెయ్యాలో తోచక, రవ్వ ఎంత అని అడిగాడు. అమ్మ తూచి, కోసి, కడిగి ఇచ్చింది. కొత్త మార్కెట్‌లో మొదటి బేరం అది.

ఆ సాయంత్రం ఇంటి ముందు వల ఆరేస్తుంటే ఇన్నేళ్లుగా లోపల దాచుకున్నది అడిగేశాను. "అమ్మా, నువ్వు ఎన్నడన్న వల దాటినవా?"

అమ్మ నన్ను చూసి నవ్వింది. "వల చినిగితే కుట్టేది ఎవరే? మేమే గద. నడుమ కూసొని చుట్టూ పరుసుకొని కుడతం. కుట్టినంక ఎట్ల లేస్తం, ఎగిరి లేస్తమా? దాటే లేస్తం. అందరం దాటినోళ్లమే."

"మరి పొద్దున ఎందుకు ఆగినరు?"

"అందరు సూస్తుండ్రు గద."

వల అంచును సర్దుతూ అంది, "మీ నాయిన వరదకు పోయిండు. వద్దన్న ఆ దినం. ఇనలే." నాయిన పోయిన సంగతి గురించి ఆమె నాతో అంత పొడుగు మాట్లాడింది అదే మొదటిసారి. వాడలో అప్పుడు పక్కకు జరిగిన ముఖాలన్నీ నాకు మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి. ఆ ఆడవాళ్లందరూ వలలు కుట్టిన వాళ్లే. దాటి లేచిన వాళ్లే. తెలిసి తెలిసి జరిగారు. ఆ కోపం నాలో ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఆలోచన కూడా లేదు. అమ్మ మాత్రం వాళ్ల పక్కనే కూర్చుని చేపలు కోస్తుంది.

నా బొమ్మ పది రోజులు కూడా నిలవలేదు. పిల్లులు, కుక్కలు తోకను పీక్కుపోయాయి, మిగిలింది సంఘం వాళ్లు తీసేశారు. హైదరాబాద్ నుంచి ఒక గ్యాలరీ ఆమె ఫోన్ చేసి, ఫోటోలు చూశాను, ఆ తోక మళ్లీ చేసిస్తారా, వాసన రాకుండా ఏదైనా మందు కొట్టొచ్చా అని అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను. సిమెంటు కాళ్లు ఎవరివి వాళ్లు ఇంటికి తీసుకుపోయారు. అమ్మ తన వాటిని వల ఆరేసినప్పుడు గాలికి లేవకుండా అంచుల మీద పెడుతుంది.

అమ్మ కూర్చునే బండ ఇంకా తమ్ముడి పేరు మీదే ఉంది. దాన్ని ఐస్ చేపల సేటుకు ఇవ్వాలంటే వాడు వచ్చి సంతకం పెట్టాలి. "అక్కా, నన్ను మధ్యల ఇరికియ్యకుండ్రి" అని ఫోన్‌లో గొణిగాడు, కానీ సంతకానికి రాలేదు. వాడు చేసిన సాయం అదొక్కటే. తొమ్మిది మందీ సభ్యత్వం కోసం అర్జీ రాయించి ఇచ్చారు. చిన్నాయిన చూస్తామంటాడు. వాళ్లు రోజూ పొద్దున అందరికంటే ముందు వచ్చి కూర్చుంటారు, లేపడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

దిమ్మె మీదికి గద్వాల రోడ్డులో అచ్చుబొమ్మలు చేసే చోటి నుంచి కొత్త చేపకన్య వచ్చింది. తెల్లటిది, గవ్వలున్నది, ఆకుపచ్చ తోకది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు విసురుగా అమ్మ దగ్గరికి పోయాను. సుత్తి తెస్తానన్నాను. అమ్మ చేపలు కోస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఉండనీ. ఎండ మంచిగ పడుతది ఆడ" అంది.

బేరాలు అయిపోయాక లేచి, సగమే సాగే మోకాళ్లతో మెల్లగా గేటు దాకా నడిచి, నడుము కింద రోజంతా కప్పుకున్న తడి గోనెసంచిని పిండి, దులిపి, ఆ తెల్లదాని తోక మీద ఆరేసింది. ఇప్పుడు తొమ్మిది మందీ అక్కడే ఆరేస్తున్నారు. మార్కెట్‌కు వచ్చేవాళ్లకు ఆ తోక కనిపించడం లేదు.